పనివానికి ముందుగా తెలుపవలసిన మాట
(నర్మెట్ట గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగపాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున సాహిత్యమును గూర్చియో, పురాణేతిహాసములను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఈ ప్రసంగమునకు ఎన్నుకొనబడిన విషయము చట్టమునకు సంబంధించినది. పనిచేయువారిని పెక్కుమందిని ఒక్కమారుగా తొలగించునపుడు యజమాని ముందుగా నోటీసు ఇయ్యవలెనా? ఇయ్యవలసినచో, కార్యాలయమునకు పోక ఇంటనుండియే పనిచేయువానికి కూడ ఆ హక్కు కలదా?

ఇది పట్టణవాసుల గొడవ, నర్మెట్టకు దీనితో పనియేమి అని కొందఱికి తోచవచ్చును. కాని 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయిన నాటినుండి హైదరాబాదు కంపెనీల పని పల్లెటూళ్ల యిండ్లలోనికి వచ్చినది. జనగామలో రైలెక్కి పోవలసిన ఉద్యోగములు కొన్ని ఇంటి వసారాలో బల్ల వేసికొని చేయునవి ఆయెను. ఆ ఉద్యోగమును నమ్ముకొని తండ్రి అప్పుపత్రము వ్రాసియుండును, చెల్లెలి పెండ్లి నిశ్చయమై యుండును. అట్టి యింట ఒకనాటి ఉదయమున కంప్యూటరు తెఱవగా లోనికి పోనీయక, ‘నీ సేవలు నేటితో చాలు’ అను ఉత్తరము మాత్రము కనబడినచో, ఆ దెబ్బ పల్లెయందే తగులును. కావున ఈ విషయము గ్రామమునకు సంబంధించినదే.

నోటీసు విలువ దానిలోని కాలములో నున్నది. కాపు జీతగాని నడుమ జరుగు వ్యవహారమును చూచిన ఇది బోధపడును. ఏడాదికి కుదిరిన జీతగానిని దుక్కులు ముగిసిన తరువాత పొమ్మన్నచో, ఆ పాటికి తక్కిన కాపులందఱును తమ మనుషులను కుదుర్చుకొనియుందురు. ఒక నెల ముందు చెప్పియుండిన అతడు మఱియొక ఇల్లు చూచుకొనెడివాడు. పోయినది ఒక చోటి పనియే కాదు, మఱియొక చోట వెదకుకొను అదను కూడ పోయినది. శాసనకర్తలు నోటీసును విధించుటకు మూలకారణ మిదియే.

మొదట ఒక మాట తేడా తెలిసికొనవలెను. నేటి యువకులు ‘లే ఆఫ్’ అను మాటను ఉద్యోగము ఊడుట అను అర్థములో వాడుచున్నారు. అది అమెరికా వాడుక. భారతదేశపు కార్మికశాసనములలో లే ఆఫ్ అనగా తాత్కాలికముగా పని చూపలేకపోవుట. బొగ్గు లేక, కరెంటు లేక, ముడిసరకు లేక, యంత్రము చెడి మిల్లు ఆగినపుడు కార్మికుని పేరు హాజరు పట్టీలో ఉండగనే అతనికి పని ఉండదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో చేర్చిన నియమముల వలన, తగిన సర్వీసు గల కార్మికునకు అట్టి దినములకు మూలవేతనములోను, కరువుభత్యములోను సగము ముట్టవలసి యుండెను. శాశ్వతముగా పనినుండి తీసివేయుటను ఆ చట్టము ‘రిట్రెంచిమెంటు’ అన్నది. తెలుగులో ఉద్వాసన అనవచ్చును. ఈ రెంటిని కలిపి మాటలాడినచో తనకు రావలసిన దేదో కార్మికునకే తెలియకుండ పోవును.

ఉద్వాసనకు ఆ చట్టము విధించిన నియమములు తేటగా నుండెను. ఒక ఏడాది ఎడతెగక పనిచేసిన కార్మికునకు కారణములు తెలుపుచు ఒక నెల ముందు వ్రాతపూర్వకముగా నోటీసు ఇయ్యవలెను, లేదా ఆ నెల జీతము చెల్లింపవలెను. పూర్తియైన ఒక్కొక్క సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము పరిహారముగా ఇయ్యవలెను. సామాన్యముగా చివర వచ్చినవానిని మొదట తీయవలెను. తిరిగి మనుషులను తీసికొనునపుడు తీసివేసిన వారికి మొదటి అవకాశ మియ్యవలెను. 1976లో పెద్ద కర్మాగారములకు, గనులకు, తోటలకు మఱింత గట్టి నియమము వచ్చినది. 300 మంది గాని అంతకు మించి గాని కార్మికులున్న చోట మూడు నెలల నోటీసును, ప్రభుత్వపు ముందు అనుమతియు కావలసి వచ్చెను. 1982 నాటి సవరణతో ఆ సంఖ్య 100కు దిగెను.

ఈ శాసనములు వ్రాసినవారి కండ్లయెదుట నున్నది మిల్లు. వరంగల్లులో 1934లో నెలకొల్పబడిన ఆజంజాహి మిల్లును తలచుకొన్నచో ఈ సంగతి బోధపడును. గేటు ఒకటి, ప్రహరీగోడ ఒకటి, హాజరు పట్టీ ఒకటి. అట్టి మిల్లు మూతపడిననాడు ఎవరెవరు పని కోల్పోయిరో లెక్కించుట కష్టము కాదు. నోటీసును గేటునకు అంటించినను అందఱికి తెలియును. అయితే గోడ లేని చోట పని జరుగుచున్నచో కార్మికుని ఎచట లెక్కింపవలెను?

ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టినది కాదు. తెలంగాణమున బీడీలు చుట్టు స్త్రీల యిండ్లలో ఇది ఏనాడో పుట్టినది. భూపాలపల్లి అడవులలో కోసిన తునికాకు కట్టలై కంపెనీలకు చేరును. కంపెనీ ఆ ఆకును, తంబాకును లెక్కకట్టి ఇచ్చును. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో వేలకొలది స్త్రీలు వాకిట కూర్చుండి, చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుదురు. చుట్టిన బీడీలను తిరిగి అప్పగింపగా, బాగులేని వానిని తీసివేసి, మిగిలిన వేలను లెక్కించి కూలి ముట్టజెప్పుదురు. ఈ స్త్రీకి పనిస్థల మేది? ఆమె యజమాని ఎవరు? కంపెనీయా, నడుమనున్న ఠేకేదారా, లేక ఆమె స్వతంత్ర వ్యాపారము చేసికొనునదియా?

న్యాయస్థానములు ఈ ప్రశ్నకు ఒక్కసారిగా సమాధానము చెప్పలేదు. 1958లో సుప్రీంకోర్టు ఒక బీడీ వ్యాజ్యమున, నడుమ నిలిచి బీడీలు చేయించి తెచ్చు సట్టాదారులు స్వతంత్రులైన కాంట్రాక్టుదారులే గాని కర్మాగారపు కార్మికులు కారని తీర్పు చెప్పెను. ఆరేండ్ల తరువాత, 1964లో, సేలము బీడీ కార్మికుల సంఘము నడిపిన వ్యాజ్యమున అదే న్యాయస్థానము వేఱొక విధముగా చూచినది. ఆకు, తంబాకు యజమానివి. సరకును ఒప్పుకొనుటకు, త్రోసివేయుటకు అధికారము యజమానిది. నడుమనున్న వాడు పేరునకు మాత్రమే కాంట్రాక్టుదారు. అట్టిచో ఇంట కూర్చుండి చుట్టువారు యజమాని కార్మికులే యని నిర్ణయించెను.

పిదప 1966లో పార్లమెంటు బీడీ, సిగారు కార్మికుల చట్టమును చేసినది. ఇంటిలో పనిచేయువారిని కూడ ఉద్యోగులుగా ఆ చట్టము స్పష్టముగా చేర్చుకొన్నది. ఆరు నెలలు గాని అంతకు మించి గాని పనిచేసిన ఉద్యోగిని తగిన కారణము లేక తీయరాదనియు, తీయునపుడు ఒక నెల నోటీసు గాని ఆ నెల జీతము గాని ఇయ్యవలెననియు విధించినది. యజమానులు ఈ చట్టమును ప్రశ్నింపగా 1974లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టెను. దూరమునుండి పనిచేయువానికి నోటీసు అను మాటను నేడు ప్రపంచమంతట క్రొత్తగా చర్చించుచున్నారు. చదువురాని బీడీ కార్మికురాలికి అర్ధశతాబ్దమునకు పూర్వమే ఆ హక్కు చట్టములో వ్రాయబడియుండెను.

సికిందరాబాదునుండి వచ్చిన మఱియొక వ్యాజ్యము కూడ తెలిసికొనదగినది. ఆ దుకాణము పేరు సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్. రజతోత్సవ సభలో ఆ పేరు వినబడుట యాదృచ్ఛికమే. అచటి దర్జీలకు కుట్టిన బట్టనుబట్టి కూలి. వారికి రాకపోకల వేళలు కచ్చితముగా లేవు. ఒక్కొక్కప్పుడు యజమాని అనుమతితో గుడ్డను ఇంటికి తీసికొనిపోయి కుట్టుటయు కలదు. అట్టివారు ఉద్యోగులు కారని యజమాని వాదము. 1973లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. ఎట్లు కుట్టవలెనో చెప్పువాడు యజమాని, సరిగా లేనిచో త్రిప్పికొట్టువాడు యజమాని, యంత్రములు యజమానివి. కావున వారు ఉద్యోగులే యని తేల్చెను. ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోవుచున్నారను దానికి న్యాయస్థానము పెద్ద విలువ ఇయ్యలేదు.

ఇక నేటి స్థితి. 2025 నవంబరు 21నుండి పారిశ్రామిక సంబంధముల కోడ్ అమలులోనికి వచ్చి, 1947 నాటి చట్టము స్థానమును ఆక్రమించినది. బీడీ కార్మికుల చట్టము కూడ అదే దినమున అమలులోనికి వచ్చిన మఱియొక కోడ్‌లో కలిసిపోయినది. ఒక నెల నోటీసు, ఏటికి 15 దినముల పరిహారము అను మూలసూత్రములు క్రొత్త కోడ్‌లోను నిలిచియున్నవి. ముందు అనుమతి అవసరమగు సంఖ్య తిరిగి 300కు పెరిగినది. తొలగింపబడిన కార్మికునకు 15 దినముల వేతనమునకు సమానమైన మొత్తము, క్రొత్త పని నేర్చుకొనుటకై ఏర్పఱచిన నిధినుండి, 45 దినములలో అతని ఖాతాలో పడవలెనను నియమము క్రొత్తగా చేరినది.

అయితే సాఫ్టువేరు ఉద్యోగికి రెండు చిక్కులున్నవి. మూడు నెలల నోటీసు, ప్రభుత్వపు అనుమతి అను గట్టి నియమము కర్మాగారములకు, గనులకు, తోటలకే పరిమితము. వేయిమంది పనిచేయు కంప్యూటరు కంపెనీయైనను దానిలోనికి రాదు. రెండవది, కోడ్ రక్షణ ‘కార్మికుడు’ అను నిర్వచనములోనికి వచ్చువారికే లభించును. సాంకేతికమైన పని చేయువాడు ఆ నిర్వచనములోనికి రావచ్చును. మేనేజరు రాడు. నెలకు 18,000 రూపాయలకు మించిన జీతముతో పర్యవేక్షణ చేయువాడును రాడు. కావున ఉద్యోగపు పేరు ఎంత గొప్పదైనను, నిజముగా చేయు పని యేమి అనునదే ముఖ్యము. తెలంగాణలో దీనికి తోడు దుకాణములు, సంస్థల చట్టము కలదు. 1988 నాటి ఆ చట్టము ప్రకారము ఆరు నెలలు ఎడతెగక పనిచేసిన ఉద్యోగిని తగిన కారణము లేక తీయరాదు. తీయునపుడు ఒక నెల వ్రాతపూర్వకమైన నోటీసు గాని ఆ జీతము గాని ఇయ్యవలెను. అయిదేండ్లు నిండినవారికి ఏటికి 15 దినముల వేతనము కూడ ముట్టవలెను.

ఇచటి బిడ్డలు అనేకులు అమెరికాలో నున్నారు గనుక ఆ దేశపు శాసనమును గూర్చియు చెప్పవలసియున్నది. అచట 1988లో వార్న్ అను చట్టము అధ్యక్షుడు రీగన్ సంతకము లేకుండగనే శాసనమై, 1989 ఫిబ్రవరినుండి అమలయ్యెను. 100 మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న సంస్థ పెక్కుమందిని తొలగించునపుడు 60 దినముల ముందు నోటీసు ఇయ్యవలెను. ఇయ్యనిచో అన్ని దినముల జీతము బాకీపడును. ప్రభుత్వపు అనుమతి మాత్రము అక్కఱలేదు. ఒకే పనిస్థలమున 50 మందికి తక్కువ గాకుండ, అచటివారిలో మూడవవంతు పనిపోయినపుడు ఈ నియమము వర్తించును. 500 మందికి పోయినచో మూడవవంతు లెక్క అక్కఱలేదు.

ఇచటనే దూరమునుండి పనిచేయువాని ప్రశ్న వచ్చినది. ఒక ఉదాహరణ చూడవచ్చును. ఒక కార్యాలయమునకు చెందిన ఉద్యోగులు 150 మంది. అందులో 60 మందిని తొలగించిరి. వారిలో 25 మంది కార్యాలయమున, 35 మంది తమతమ ఇండ్లలో పనిచేయువారు. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క పనిస్థలమని లెక్కించినచో కార్యాలయమున పోయినవారు 25 మందియే. 50 నిండలేదు గనుక ఒక్కరికిని నోటీసు హక్కు లేదు. ఇంటివారిని కార్యాలయముతో కలిపినచో 60 నిండును, మూడవవంతును దాటును. అప్పుడు అందఱికిని 60 దినములు దక్కును. ఇంట కూర్చున్నవానిని లెక్కనుండి తీసివేసినచో కార్యాలయములోనివాడు కూడ నష్టపోవుననుట దీనివలన స్పష్టము.

ఆ చట్టపు నిబంధనలు రైల్వే పనివారిని, బస్సు డ్రైవర్లను, ఊరూర తిరిగి సరకు అమ్మువారిని దృష్టిలో నుంచుకొని దీనికొక మార్గము చూపినవి. అట్టివాడు ఏ కార్యాలయమునకు చెందినవాడుగా నియమింపబడెనో, ఎచటినుండి అతనికి పని పంపబడుచున్నదో, ఎచటికి అతడు లెక్క చెప్పుకొనుచున్నాడో అదే అతని పనిస్థలము. ఎల్లప్పుడు ఇంటనే యుండువానికి ఇది వర్తించునా అని న్యాయస్థానములలో వాదములు జరిగినవి. 2023లో న్యూయార్కు రాష్ట్రము తన నిబంధనలను మార్చి, కార్యాలయమునకు చెందియుండి దూరమునుండి పనిచేయువారిని కూడ లెక్కింపవలెనని స్పష్టముచేసినది. అదే సంవత్సరము న్యూజెర్సీ రాష్ట్రము నోటీసును 90 దినములకు పెంచి, సర్వీసు ఏటికి ఒక వారము జీతము పరిహారముగా విధించి, సంస్థకు లెక్క చెప్పుకొనువారిని కూడ లెక్కలోనికి తెచ్చినది.

ఈ దినముల లెక్క తెలుగు కుటుంబములకు మఱింత ప్రాణప్రదమైనది. 2022 నవంబరులో మెటా సంస్థ 11,000 మందిని, 2023 జనవరిలో గూగులు మాతృసంస్థ 12,000 మందిని తొలగింప నిశ్చయించినపుడు ఈ జిల్లాలలోని అనేక గృహములలో నిద్ర లేకపోయెను. హెచ్ 1 బి వీసాపై నున్నవాడు పని ముగిసిన తరువాత 60 దినములలోగా వేఱొక యజమానిని వెదకుకొనవలెను, లేదా తగిన వేఱొక వీసాకు దరఖాస్తు పెట్టవలెను, లేదా దేశము విడువవలెను. వీసా గడువు అంతకు ముందే తీరినచో ఆ దినములును తగ్గును. నోటీసు కాలమున అతడు జీతముపై ఉద్యోగిగానే కొనసాగినచో ఈ 60 దినములు తరువాతనే మొదలగును. నోటీసు లేక నేడే పొమ్మన్నచో నేటినుండియే మొదలగును. బడికి పోవు పిల్లలు, అద్దెకున్న ఇల్లు, వాయిదాలపై కొన్న కారు అన్నియు ఆ తేడాపై ఆధారపడియుండును. అయితే వార్న్ చట్టము అమెరికాలోని పనిస్థలములకే వర్తించును. నర్మెట్టలో కూర్చుండి అమెరికా కంపెనీకి పనిచేయువాడు భారతశాసనమునే ఆశ్రయింపవలెను.

యజమానుల వాదమును కూడ వినవలెను. వ్యాపారము ఒకనాడున్నట్లు మఱునా డుండదు. నష్టము వచ్చుచున్నదని ముందే చాటినచో అప్పు పుట్టదు, గిరాకీ పోవును. పని పోవునని తెలిసినవాడు మనసు పెట్టి పనిచేయడు, కంపెనీ రహస్యములను పాడుచేయవచ్చును. ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. అందుచేతనే అమెరికా చట్టము ఊహింపరాని వ్యాపారపు ఆపదకు, ప్రకృతి వైపరీత్యమునకు మినహాయింపు లిచ్చినది. భారతశాసనము నోటీసుకు బదులు జీతము చెల్లించు వెసులుబాటు నిచ్చినది. రహస్యములకు భయపడు యజమాని తలుపు మూయవచ్చును గాని జీతము మూయరాదు. ఇంటనుండి పనిచేయుటవలన కార్యాలయపు అద్దె, కరెంటు, కుర్చీ అన్నియు యజమానికి కలిసివచ్చినవి. పని చేయించుకొనునపుడు ఇంటివాడు కార్యాలయములోని వాడే, తీసివేయునపుడు మాత్రము ఎచటనో నున్నవాడు అనుట న్యాయము కాదు. పని ఎచటినుండి వచ్చుచున్నదో అచటనే బాధ్యతయు నుండవలెను. బీడీ కార్మికురాలి విషయమున చట్టము అంగీకరించిన సూత్ర మిదియే.

ఇక ఉద్యోగులును, వారి పెద్దలును గుర్తుంచుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. నియామకపత్రమును జాగ్రత్తపఱచుకొనవలెను. అందులో ఏ కార్యాలయమునకు చెందినవాడుగా వ్రాయబడెనో చూచుకొనవలెను. ఇంటనుండి పనిచేయుటకు అనుమతించిన ఉత్తరమును, నెలనెల జీతపు చీటీలను కంపెనీ కంప్యూటరులో గాక వేఱుగా భద్రపఱచుకొనవలెను. తలుపు మూసిననాడు ఆ కంప్యూటరులోనివి చేతికి రావు. అన్నిటికంటె ముఖ్యము, ‘నీ అంతట నీవే రాజీనామా ఇమ్ము, లేనిచో మంచి సర్టిఫికెటు రాదు’ అని ఒత్తిడిచేసినపుడు తొందరపడి సంతకము చేయరాదు. స్వచ్ఛందముగా మానుకొన్నదానిని చట్టము ఉద్వాసనగా లెక్కింపదు. ఆ ఒక్క సంతకముతో నోటీసు, పరిహారము రెండును పోవును. ఆలోచించుకొనుటకు గడువు కావలెనని వ్రాతమూలముగా అడుగుటలో తప్పు లేదు. కార్మికశాఖ అధికారులను ఆశ్రయింపవచ్చును. జిల్లా న్యాయసేవల అధికార సంస్థ వద్ద స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, షెడ్యూల్డు తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచితముగా న్యాయసహాయము లభించును.

ఉద్యోగము పోయి యింటికి వచ్చిన బిడ్డను చులకనచేయుట కూడ తగదు. వేయిమందిని ఒకేనాడు తీసివేసినపుడు అందు ఒక్కని అసమర్థత యేమి కలదు? ఆ సంగతి దాచిపెట్టి, ప్రతి ఉదయము కంప్యూటరు ముందు ఊరక కూర్చుండు యువకునకు పరిహారముకన్న ముందు కావలసినది ఇంటిలోనివారి మంచిమాట.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినపుడు, చదువు వలన మనుష్యుడు తన స్థితిని తెలిసికొనునని ఆ స్థాపకులు నమ్మిరి. పల్లె గ్రంథాలయము ఆ నమ్మకమునకు వారసురాలు. కథలు, పద్యములు ఉన్న బీరువాలో కార్మికశాసనముల తెలుగు ప్రతులకు కూడ ఒక అర దొరకినచో, నోటీసు వచ్చిన యువకుడు గాని, నోటీసు రాని బీడీ కార్మికురాలు గాని ఇచటికి వచ్చి తనకు రావలసిన దేదో చదివికొనగలుగును, చదువలేనివారికి చదివి వినిపించువారును ఇచట దొరకుదురు. గ్రంథాలయము మఱి ఇరువదియైదేండ్లు ఈ సేవ చేయుగాక.

స్వస్తి.